బండి విప్పి చదువుకున్న జి.డి. నాయుడు

మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్, ఫూలే, కాళోజీ, జయశంకర్ సార్ వంటి మహానుభావుల జీవితాలు చదువుతూనే ఉంటాం. ఈసారి ఒక మెకానిక్ గురించి రాయాలనిపించింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్ళ నుండి ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులకు వెళ్ళే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. మన నాన్నల్లో ఆటో, ట్రాక్టరు, బొగ్గు లారీ నడిపేవాళ్ళకూ కొదవ లేదు. వాళ్ళందరికీ ఈయన తెలియవలసిన మనిషి.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం, పత్తి పండించే రైతులు. బడి ఆయనకు పడలేదు. మూడో తరగతితోనే చదువు ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మూడో తరగతి చదివి ఇంత గొప్పవాడయ్యాడట, మనకెందుకీ పరీక్షలు అని కొందరు అంటుంటారు. ఆయన వెనుక పొలం ఉంది, అయినవాళ్ళున్నారు. మనలో ఎక్కువమందికి వెనుక ఉన్నది ఈ హాస్టలే. కాబట్టి ఆయన బడి మానడం నుండి మనం నేర్చుకునేది ఏమీ లేదు. మానేసిన తర్వాత ఎలా నేర్చుకున్నారన్నదే మనకు కావాలి.

కుర్రవాడుగా ఉన్నప్పుడు ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద ఆ ఊరి వైపు వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెత్తుతోంది. ఆ చప్పుడు అంతకుముందు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. అందరూ చూసి మరిచిపోయారు, నాయుడు మరిచిపోలేదు. కోయంబత్తూరు పోయి ఒక హోటల్లో పనికి చేరారు. కొన్నేళ్ళు పనిచేసి పైసా పైసా కూడబెట్టి, చివరకు రడ్జ్ మోటారు సైకిలును కొన్నారు. కొన్నాక ఊళ్ళో తిరిగి గొప్పలు పోలేదు. ఏ భాగానికి ఆ భాగం విప్పేశారు. మళ్ళీ బిగించారు. మళ్ళీ విప్పారు. అదే ఆయన కాలేజీ.

మధ్యలో పత్తి వ్యాపారం చేసి, బొంబాయి దాకా వెళ్ళి చేతులు కాల్చుకున్నారు. తిరిగి వచ్చి 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచి నుండి పళని దాకా తానే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్, అంటే యు.ఎం.ఎస్. అయింది. కొన్నేళ్ళలోనే దేశంలో బాగా నడిచే బస్సు కంపెనీలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. పోల్చుకోవడానికి చెబుతున్నాను, మన నిజాం రాజ్యంలో రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది 1932లో.

ఆ రోజుల్లో బస్సు నడపడమంటే స్టీరింగు తిప్పడం ఒక్కటే కాదు. దారిలో ఆగితే షెడ్డు ఉండదు, ఫోను ఉండదు. డ్యాష్ బోర్డు మీద ఇప్పటిలా ఎర్ర దీపాలు వెలగవు. డ్రైవరుకు ఉన్న మీటరు చెవి ఒక్కటే. ఇప్పటికీ మంచి మెకానిక్ చేసేది అదే. అందుకే జీవితకథ కాసేపు ఆపి ఆ విద్య గురించి చెబుతాను.

కొత్త చప్పుడు వినపడగానే ముందు అడగవలసింది, అది ఇంజనుదా, బండిదా అని. బండి నిలబెట్టి రేస్ ఇచ్చి చూడాలి. రేస్‌తో పాటు చప్పుడు పెరిగితే ఇంజను వైపు వెతకాలి. నిలబడ్డప్పుడు లేకుండా, చక్రాలు తిరిగినప్పుడే వస్తే చక్రాల బేరింగు, బ్రేకు, బాడీ చూడాలి. చెక్క బాడీల కాలంలో సగం చప్పుళ్ళు బాడీవే. ఇప్పుడు ఇల్లులా మంచం, పొయ్యి పెట్టుకొని తిరిగే పెట్రోలు వ్యాన్లు వచ్చాయి కదా, వాటిలోనూ అంతే. గిన్నెల గలగల విని ఇంజను విప్పించుకునేవాళ్ళు ఉంటారు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైనుండి టిక్ టిక్ మని సన్నగా వచ్చి, వేడెక్కాక తగ్గితే చాలావరకు ట్యాపెట్ల సందు, లేదా ఆయిలు పైకి ఎక్కకపోవడం. ముందు ఆయిలు పుల్ల తీసి చూడాలి. వాన కాలం పొద్దున కీచుమంటే ఫ్యాన్ బెల్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఫుస్ ఫుస్ మంటే ఎగ్జాస్ట్ జాయింటు దగ్గర గ్యాసు కారుతుండవచ్చు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. ఆ పొగ క్యాబిన్‌లోకి వస్తే మనిషి నిద్రలోనే పోతాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద గులకరాళ్ళు డబ్బాలో కదిలినట్టు వచ్చేదాన్ని నాకింగ్ అంటారు. సిలిండర్‌లో పెట్రోలు ఒక క్రమంలో మండకుండా మిగిలినది ఒక్కసారిగా పేలితే వచ్చే చప్పుడు అది. ఇంధనం నాసిరకమైనా, లోపల మసి పేరుకున్నా, స్పార్కు టైమింగు ముందుకు జరిగినా వస్తుంది. నాయుడు బస్సు మొదలుపెట్టిన మరుసటి సంవత్సరమే, 1921లో, అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసం మందు కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. ఇంజన్ల రోగం తగ్గింది గానీ మనుషుల రక్తంలోకి సీసం చేరింది. మన దేశంలో ఆ పెట్రోలు 2000 సంవత్సరానికి గానీ పోలేదు.

అన్నింటికంటే భయపడవలసింది అడుగు నుండి ధన్ ధన్ మని వచ్చే బరువైన దెబ్బ. అది కనెక్టింగ్ రాడ్ బేరింగు. పాత మెకానిక్కులు ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గునూ పనిచేయకుండా ఆపి చూసేవారు. ఏ ప్లగ్గు ఆపితే దెబ్బ తగ్గుతుందో ఆ సిలిండర్‌లోనే రోగం. పొడుగు స్క్రూ డ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని వినడమూ ఆ కాలం నుండి ఉన్నదే. అలా వినేటప్పుడు తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఈ దెబ్బ వినపడగానే బండి ఆపేస్తే బేరింగు ఖర్చుతో పోతుంది. ఇంకొక్క ట్రిప్పు అని పోతే రాడ్ విరిగి బ్లాకుకే రంధ్రం పడుతుంది. ఫైనాన్సు మీద తీసుకున్న బండి అయితే ఆ ఇంటి పిల్లల ఫీజులే ఆగిపోతాయి.

మళ్ళీ నాయుడు గారి దగ్గరకు వద్దాం. 1932లో యూరపు వెళ్ళారు. చూసివచ్చిన ప్రతి యంత్రాన్నీ ఇక్కడ చేయగలమా అని ఆలోచించారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. కోయంబత్తూరు మోటార్ల ఊరుగా మారడానికి అక్కడే పునాది పడింది. మన జనగామ మెట్ట పొలాల్లో బావుల మీద, బోర్లలో ఉన్న మోటార్ల మీద రేకు చదవండి, కోయంబత్తూరు పేరు ఎన్నిటి మీద ఉందో తెలుస్తుంది.

రసాంట్ అనే ఎలక్ట్రిక్ రేజరు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీలులేని ఓటు యంత్రం, ఇలా చాలా చేశారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలో కొత్త రకాలు పెంచారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య గార్లు ఆ తోట చూసి వెళ్ళారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు తయారుచేస్తే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. దాంతో ఆ కారు ఆగిపోయింది. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ, నాకు మాత్రం ఆ రోజు నష్టపోయింది ఒక్క నాయుడు కాదనిపిస్తుంది.

1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, తర్వాత ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. ఆ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. మూడో తరగతి చదివిన మనిషి దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ళ కోర్సు దండగ, రెండేళ్ళు చాలని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోకపోతే పదవి వదిలేశారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం కాదు, లెక్కలు నేర్వడానికి కొంత సమయం కావాలి. కానీ నాలుగేళ్ళలో ఒక్క ఇంజనూ విప్పకుండా బయటకు వచ్చేవాళ్ళను చూస్తే ఆయన కోపం అర్థమవుతుంది.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకు ఆయన పేరే పెట్టారు. అదే రోడ్డు మీద ఆయన పేరిట మ్యూజియం, పాత కార్ల ప్రదర్శన ఉన్నాయి. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగవచ్చు. ఐ.టి.ఐ. తమ్ముళ్ళు టూరుకు ఎక్కడికి పోదామని వార్డెన్ సారును అడిగేటప్పుడు ఈ ఊరి పేరు కూడా చెప్పండి.