ఆర్థరు వార్టను

సాయంకాలము గంట మ్రోగినతోడనే పుస్తకములు మూలబెట్టి ఫుట్బాలు ఆటకై పరుగిడు బాలురు మన పాఠశాలలో అనేకులు కలరు. వారిలో గోలు కాచు పనిని కోరి తీసికొనువారు మాత్రము బహు కొలదిమంది. గోలు కొట్టినవానికి చప్పట్లు, కాచినవానికి దెబ్బలు, విడిచినవానికి తిట్లు. ఇది ఎల్లయెడల నున్న ఆచారమే. అట్టి స్థానమున నిలిచి ఇంగ్లండు దేశమున పేరుగాంచి, పిమ్మట పేరైన చెక్కని గోతిలో 60 సంవత్సరములకు పైగా మరువబడియుండిన యొక ఆఫ్రికాదేశస్థుని చరిత్రమును ఇచ్చట వ్రాయబూనితిమి. ఈతడు మిషనెరీ కుమారుడు. చదువులకై ఇంగ్లండు పోయినదియు ఆ పనికి తగినవాడగుటకే. కావున ఈ సంచికను చదువువారికి ఈతని కథ పరాయిదిగ తోపదని తలంచుచున్నాము.

ఆర్థరు వార్టను 1865 వ సంవత్సరము అక్టోబరు 28 వ తేదీన పశ్చిమాఫ్రికాలోని గోల్డుకోస్టున అక్రా పట్టణమునందలి జేమ్సుటౌను పేటలో జన్మించెను. ఆ దేశమే 1957 లో స్వాతంత్ర్యమునొంది ఘానా యను పేరు దాల్చినది. తండ్రియగు రెవరెండు హెన్రీ వార్టను వెస్టిండీసులోని గ్రెనడా ద్వీపమునుండి వచ్చిన మెథడిస్టు మిషనెరీ. ఆయన వంశమున స్కాట్లండువారి రక్తమును కొంత కలదు. తల్లి ఆనీ ఫ్లోరెన్సు ఎగిరిబా ఫాంటీ జాతివారి రాజకుటుంబమునకు బంధువు. ఇట్టి యింట పుట్టిన బాలుడు విద్యావంతుడై, బోధకుడుగనో ఉపాధ్యాయుడుగనో స్వదేశమునకు మరలివచ్చి పనిచేయునని పెద్దలు ఆశించుట సహజమే.

ఆ యుద్దేశముతోడనే వార్టను 1880 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండునకు చేరి, ఉత్తరభాగమున డార్లింగ్టను పట్టణమునందలి క్లీవ్లండు కళాశాలలో చదువసాగెను. కాని యాతని చిత్తము పుస్తకములకంటె మైదానముమీదనే హెచ్చుగ నిలిచెను. క్రికెట్టు ఆడెను, సైకిలు త్రొక్కెను, పరుగుపందెములలో పాల్గొనెను, డార్లింగ్టను జట్టుకు గోలుకీపరయ్యెను. దేనియందు చేయిపెట్టినను అందరికంటె ముందే యుండెడివాడు. ఇట్టి బాలుని ఉపాధ్యాయులు మెచ్చుకొనుటయా, మందలించుటయా తెలియక తికమకపడుట మన యనుభవమునకును క్రొత్తగాదు.

1886 వ సంవత్సరము జూలై 3 వ తేదీన లండనులోని స్టాంఫర్డు బ్రిడ్జి మైదానమున ఇంగ్లండు దేశపు అమెచ్యూరు పందెములు జరిగెను. వార్టను 100 గజముల పరుగున కెక్కెను. నేటివలె కాళ్లు ఆనించుకొనుటకు దిమ్మెలు లేవు. వంగి చేతులు నేలనాన్చి బయలుదేరు పద్ధతియు అప్పటికి వ్యాపింపలేదు. నిలువబడియే బయలుదేరి 10 సెకండ్లలో గీటు దాటెను. ఆ పందెములలో అంతవరకు ఎవ్వరును 10 సెకండ్లకు పరుగెత్తి యెరుగరు. ఉత్తరదేశమున చదువుకొనుచున్న పేరెరుగని యాఫ్రికా యువకుడు ఒక్క దినమున దేశమంతటికిని తెలిసినవాడయ్యెను. మరుసటి సంవత్సరము సయితము ఆ బిరుదు నాతడే నిలుపుకొనెను.

అప్పటికి ఫుట్బాలు లోకమున గొప్ప మార్పు జరుగుచుండెను. ఆటకు జీతము పుచ్చుకొనుట తప్పుగాదని 1885 లో ఇంగ్లండు ఫుట్బాలు సంఘమువారు ఒప్పుకొనిరి. మిల్లుల పట్టణములు తమతమ జట్లకై మంచి యాటగాండ్రను వెదకి తెచ్చుకొనసాగెను. అట్టి జట్లలో మిక్కిలి బలవంతమైన ప్రెస్టను నార్తెండు జట్టువారు వార్టనును పిలిచిరి. 1886-87 లో ఆ జట్టు ఇంగ్లీషు కప్పు పోటీలలో సెమీఫైనలు వరకు పోయి, వెస్టు బ్రామిచి జట్టుచేత 3-1 గోళ్లతో ఓడిపోయెను.

ఇచ్చటనే యాతని జీవితమునందలి మొదటి పొరపాటు జరిగెనని మా యభిప్రాయము. డబ్బు పందెములలో పరుగెత్తుటపై మనసుపడి 1888 లో వార్టను ప్రెస్టనును విడిచి షెఫీల్డునకు పోయెను. ఆ సంవత్సరముననే 12 జట్లతో ఫుట్బాలు లీగు మొదలయ్యెను. ప్రెస్టనువారు 22 లీగు ఆటలలో ఒక్కటియైన ఓడక ప్రథమస్థానము గెలిచి, ఒక్క గోలునైన ఇయ్యక కప్పునుగూడ గెలిచికొనిరి. ఆ జట్టును అజేయులని నేటికిని పేర్కొందురు. వార్టను ఇంకొక సంవత్సరము ఓపికపట్టియుండినచో ఆ కీర్తిలో నాతనికిని భాగము లభించియుండెడిదేమో! కాని పరుగుగాని కాళ్లకు యౌవనము కొలదికాలమే. డబ్బు వచ్చునప్పుడే సంపాదించుకొనవలెనని యాతడు తలంచియుండినచో మనము తప్పుపట్టజాలము.

1889 లో రోథరుహాము టౌను జట్టులో జీతముమీద చేరెను. ఆఫ్రికాఖండమున పుట్టి ఫుట్బాలును వృత్తిగ గైకొన్నవారిలో ఈతడే మొదటివాడని చరిత్రకారులు చెప్పుదురు. ఈతనికంటె ముందే దక్షిణ అమెరికాలోని డెమెరారాలో జన్మించిన ఆండ్రూ వాట్సను అను నల్లజాతివాడు 1881 లో స్కాట్లండు జట్టుకు నాయకుడై యాడెను గనుక, నల్లవారిలో మొదటి ఆటగాడు వార్టనే యనుట సరికాదు.

ఆతడు గోలు కాచు తీరు విచిత్రమైనది. ఆ దినములలో ఎదిరిపక్షమువారు గోలుకీపరును భుజముతో గ్రుద్ది గోలులోనికి నెట్టవచ్చును. కావున ఆ పని మల్లయుద్ధముతో సమానము. వార్టను కమ్మి ప్రక్కన ఒదిగి కూర్చుండి, బంతి వచ్చు క్షణమువరకు కదలక, తటాలున లేచి పిడికిటితో దానిని దూరమునకు కొట్టెడివాడు. చూచువారికి గుండెలదరెడివి. ఒకమారు షెఫీల్డులో ఆయన పైకమ్మిని పట్టుకొని వ్రేలాడి, బంతిని కాళ్లనడుమ నిరికించుకొనగా, మీదికురికివచ్చిన ముగ్గురు ఫార్వర్డులు పట్టు దొరకక గోలులో బోర్లపడిరట. దీనిని చూచిన యొక ప్రేక్షకుడు, వార్టను చనిపోయిన చాలకాలమునకు, 1942 లో ఒక వార్తాపత్రికకు వ్రాసియుండెను. అన్ని సంవత్సరములు మనసున నిలిచిపోయిన దృశ్యమన్నమాట.

అయితే చప్పట్లు కొట్టినవారే యాతని రంగును ఎగతాళి చేయుటయు కలదు. పత్రికలలో వ్రాయు కొందరు ఆతని తలకు బుద్ధి లేదని, ఆ కోతిచేష్టలు జాతిలక్షణమని సూచించుచు వ్రాయుటకు వెనుదీయలేదు. ఇంగ్లండు దేశపు జట్టులోనికి యాతని నెన్నడును తీసికొనలేదు.

1894 లో షెఫీల్డు యునైటెడు జట్టు ఆతనిని చేర్చుకొనెను. అదే సంవత్సరము అచ్చటికి విలియము ఫౌల్కు అను 20 ఏండ్ల యువకుడును వచ్చెను. ఆయన భారీకాయము పిమ్మట లోకప్రసిద్ధమయ్యెను. 29 ఏండ్ల వార్టను ఆ కుఱ్ఱవానికి బదులుగాడుగ కాచుకొని కూర్చుండవలసివచ్చెను. 1895 ఫిబ్రవరిలో సండర్లండుతో మొదటి తరగతి లీగునందు గోలు కాచెను; కాని అట్టి యవకాశములు మరి వ్రేళ్లమీద లెక్కింపదగినవే. తరువాత స్టేలీబ్రిడ్జి, ఆష్టను, మొదలగు చిన్న జట్లలో తిరిగెను. తుదకు స్టాక్పోర్టు కౌంటీకి ఆడి 1902 లో ఆట చాలించెను. గోలుకీపరుగనే గాక అప్పుడప్పుడు ముందువరుస ప్రక్కను సయితము ఆడెడివాడు.

అప్పటి ఆటగాండ్రకు పింఛను లేదు, దాచుకొనదగినంత జీతమును లేదు. ఆట యుండగనే వార్టను సారాయి దుకాణము నడుపుచు వచ్చెను. ఆ వృత్తియే యాతనిని త్రాగుడునకు లోబరచినది. తుదకు దక్షిణ యార్కుషైరునందు ఎడ్లింగ్టను గ్రామములోని యార్కుషైరు మెయిన్ బొగ్గుగనిలో బండ్లు లాగు కూలిపని చేసెను. ఇంగ్లండులో అందరికంటె వేగముగ పరుగెత్తిన కాళ్లు భూగర్భమున చీకటిలో బొగ్గుబండ్లవెంట నడచినవి. ఆతనితో పనిచేసినవారిలో ఎందరికి ఆ 10 సెకండ్ల సంగతి తెలిసియుండెనో!

1930 డిసెంబరులో, 65 వ యేట, వార్టను మరణించెను. ఎడ్లింగ్టను శ్మశానమున పేదవారి వరుసలో పూడ్చిరి. శిల నాటువారు లేకపోయిరి.

షెఫీల్డులో జాతిద్వేషమునకు ప్రతిగా ఫుట్బాలుద్వారా జనులను కలుపవలెనని పూనుకొన్న యొక సంఘమువారు ఆ సమాధిని గుర్తించి, చందాలు పోగుచేసి, 1997 లో దానిపై పేరు చెక్కిన రాతిని నిలిపిరి. 2003 లో ఇంగ్లీషు ఫుట్బాలు కీర్తిమందిరమున ఆతని పేరు చేర్చబడెను. 2014 లో ఆ దేశపు జట్లు శిక్షణపొందు సెయింటు జార్జెసు పార్కున ఆతని కంచు విగ్రహమును ప్రతిష్ఠించిరి. ఇంగ్లండు తరఫున ఒక్క ఆటయు ఆడనియ్యబడనివాడు అచ్చట ఎగిరి, చేయి చాచి, వ్రేళ్లకొనలతో బంతిని కమ్మిపైకి నెట్టుచున్నట్లు నిలిచియున్నాడు.