సమాధానపరచువాని వెల



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు సంఘములలో 122వ కీర్తన చదివినప్పుడెల్లను మనము యెరూషలేము క్షేమము కొరకు ప్రార్థింతుము. ఆ పట్టణపు సమాధానము కొరకు పాటుపడి, ఆ పట్టణపు వీధిలోనే ప్రాణము విడిచిన యొకని జీవితమును ఈ నెల ధ్యానింతము. ఆయన స్వీడన్ దేశస్థుడగు ఫోల్కె బెర్నడోట్.

ఆయన 1895 జనవరి 2న స్టాక్‌హోములో రాజకుటుంబమున జన్మించెను. తండ్రి ఆస్కార్ తాను ప్రేమించిన స్త్రీని వివాహమాడుటకై సింహాసనపు హక్కును విడిచిన భక్తిపరుడు. కుమారుడు పెరిగి రెడ్‌క్రాసు సేవలో ప్రవేశించెను. 1945లో యుద్ధము ముగియు దినములలో, తెల్లరంగు వేసిన బస్సులను జర్మనీలోనికి పంపించి, నిర్బంధ శిబిరములనుండి సుమారు 15,000 మందిని విడిపించెను. వారిలో యూదులును ఉండిరి.

1948 మే నెలలో ఇశ్రాయేలు రాజ్యము స్థాపింపబడగానే అరబ్బు దేశములతో యుద్ధము చెలరేగెను. ఐక్యరాజ్య సమితి బెర్నడోట్‌ను మధ్యవర్తిగా నియమించెను. పౌలు ప్రయాణములో చదివిన రొదు ద్వీపమే ఆయన కార్యస్థానమాయెను. జూన్ 11న ఆయన కాల్పులు మాన్పించెను. నాలుగు వారములకు యుద్ధము మరల రేగగా, జూలైలో మరల మాన్పించెను.

ఇండ్లు విడిచిపోయిన అరబ్బులు లక్షల సంఖ్యలో నుండిరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న మన తీరవాసులకు ఆ దుఃఖము తెలియును. వారికి స్వగృహములకు తిరిగిపోవు హక్కు కలదని బెర్నడోట్ తన నివేదికలో వ్రాసెను. ఇశ్రాయేలు రాజ్యము నిలిచియున్నదనియు, నిలుచుననియు అందులోనే వ్రాసెను. ఇరుపక్షములవారును కోపించిరి.

నివేదికపై సంతకము చేసిన మరునాడే, సెప్టెంబరు 17న, లెహి అను చిన్న యూదు ముఠావారు యెరూషలేములో ఆయన కారును ఆపి, ఆయనను కాల్చి చంపిరి. ప్రక్కన కూర్చున్న ఫ్రెంచి సేనాధికారి సెరో కూడ మరణించెను. ఆ హత్యకు ఎవరును శిక్షింపబడలేదు.

అయినను పని ఆగలేదు. ఆయనతో కూడ పనిచేసిన అమెరికా నల్లజాతీయుడు రాల్ఫ్ బంచ్ ఆ భారమునెత్తుకొని, 1949లో ఇశ్రాయేలునకును ఐగుప్తు, లెబానోను, యొర్దాను, సిరియాలకును యుద్ధవిరమణ ఒడంబడికలు చేయించెను. 1950లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. తుపాకులు దిగెను గాని తగవు తీరలేదు. 2023 అక్టోబరు 7న హమాసు దాడిలో ఇశ్రాయేలునందు సుమారు 1,200 మంది చనిపోయిరి. ఆ తరువాతి యుద్ధమున గాజాలో పదుల వేలమంది చనిపోయిరి.

బైబిలు చదువు మనకు ఇశ్రాయేలు అను పేరు వినగానే ఒక పక్షము వహించుట సులభము. అయితే పాలస్తీనీయులలో మన తోటి విశ్వాసులును కలరు. బేత్లెహేములో నేటికిని ఆరాధించుచున్నారు. యూదుడు భయము లేక బ్రదుకవలెను, పాలస్తీనీయునికి ఇల్లుండవలెను. బెర్నడోట్ ఒకే కాగితముపై వ్రాసిన ఈ రెండింటిలో ఒకటి విడిచిన యెడల రెండవది నిలువదు.

కాలువ నీటి తగవులో ఇరువైపుల మాట వినువాడు ఇద్దరిచేతను నిందింపబడుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. మత్తయి 5:9లో ప్రభువు ధన్యులనినది అట్టివారినే. కాబట్టి ఈ ఆదివారమున యెరూషలేము కొరకు ప్రార్థించునప్పుడు, ఇరువైపుల తల్లులను జ్ఞాపకము చేసికొందము.