వర్ణతపస్వి పాల్ క్లీ

చిత్రకారుని ప్రతిభను కొలవడానికి పటం వైశాల్యం కొలబద్ద కాదు. ప్రాసాద కుడ్యాలను నింపిన మహాచిత్రాలు ఎన్నో విస్మృతిలో కలిసిపోయాయి. పుస్తకపు పుటను మించని కాగితాలపై కొద్దిపాటి రంగులు పూసి, వాటిని అట్టలపై అతికించి, చిత్రకళా చరిత్రలో చిరస్థానం పొందిన కళాకారుడు పాల్ క్లీ. ఆయన జీవితం విద్యార్థిలోకానికి అనేక విధాల పఠనీయం.

క్లీ 1879 డిసెంబరు 18వ తేదీన స్విట్జర్లాండులో బెర్న్ నగరం చెంతనున్న ఒక గ్రామంలో జన్మించాడు. తండ్రి జర్మను దేశస్థుడు, సంగీతోపాధ్యాయుడు. తల్లి స్విస్ వనిత, గాయని. తండ్రి జాతీయతయే కుమారునికి సంక్రమించినందున, స్విస్ గడ్డపై పుట్టి పెరిగినా క్లీ చట్టరీత్యా జర్మను పౌరుడే అయ్యాడు. ఈ స్వల్ప విషయమే ఆయన అంత్యకాలంలో అమిత క్లేశానికి హేతువైంది. బాల్యంలోనే వయొలిన్ చేపట్టి, పదకొండేళ్ల ప్రాయానికే బెర్న్ సంగీత సంఘం కచేరీలలో పాల్గొన్న క్లీ, అందరూ అనుకొన్నట్లు విద్వాంసుడు కాలేదు. 1898లో చిత్రకళాభ్యాసానికై మ్యూనిక్ చేరాడు.

1906లో పియానో విదుషి లిలీ స్టుంఫ్‌ను వివాహమాడాడు. మరుసటి యేడు వారికి ఫెలిక్స్ అనే కుమారుడు కలిగాడు. భార్య పియానో పాఠాలు చెప్పి సంసారభారం వహించగా, క్లీ వంట చేస్తూ, పసివానిని సాకుతూ, దొరికిన వ్యవధిలో బొమ్మలు వేసేవాడు. గీత ఆయనకు త్వరగానే స్వాధీనమైంది. రంగు మాత్రం చాలాకాలం లొంగలేదు.

1914 ఏప్రిల్ మాసంలో మిత్రులు ఆగస్ట్ మాకె, లూయీ మొయ్యే అనే చిత్రకారులతో కలిసి క్లీ టునీషియా యాత్ర చేశాడు. టునిస్ నగరం, హమ్మామత్ సముద్రతీరం చూచి, క్రీ. శ. 670లో ఉఖ్బా బిన్ నాఫే స్థాపించిన కైరవాన్ నగరం చేరాడు. తెల్లని గుంబజులు, ఘనాకారపు ఇండ్లు, ప్రచండమైన ఎండ, ఆ ఎండలో ఒకదానినొకటి తాకుతున్న వర్ణఖండాలు ఆయన దృష్టినే మార్చివేశాయి. రంగు తన వశమైనదనీ, తాను చిత్రకారుడనైతిననీ ఆయన అక్కడ తన దినచర్యలో నమోదు చేసుకొన్నాడు. పట్టుమని రెండు వారాలు సాగిన ఆ యాత్ర పదిహేనేళ్ల సాధనకు ఫలశ్రుతి అయింది.

ఆ సంవత్సరమే ప్రపంచ సంగ్రామం ఆరంభమైంది. సెప్టెంబరులో మాకె రణరంగంలో మరణించాడు. 1916లో ఆప్తమిత్రుడైన ఫ్రాంజ్ మార్క్ వెర్దున్ వద్ద నేలకూలాడు. అదే నెలలో క్లీని సైన్యంలోకి పిలిచారు. విమానాశ్రయంలో విమానాలకు రంగులు దిద్దే పని ఆయనకు లభించింది. విమానపు రెక్కలకు వాడే నారబట్ట ముక్కలపైననే ఆయన తన చిత్రాలు వేసుకొన్నాడు.

క్లీ పద్ధతి విచిత్రమైనది. పూర్తి అయిన చిత్రాన్ని కత్తెరతో రెండుగా, మూడుగా ఖండించి, ఆ ముక్కలను స్థానాలు మార్చి మరల అతికించేవాడు. లేదా ఒక్కొక్క ఖండాన్నే వేరు చిత్రంగా నిలిపేవాడు. ప్రతి కృతినీ అట్టపై అంటించి, అడుగున గీత గీసి, పేరు, సంవత్సరం, వరుస సంఖ్య వ్రాసేవాడు. మన దక్కనులోనూ, మొగలు దర్బారులలోనూ ఖత్తు పలకలను, చిత్రాలను కూర్చి అతికిన మురక్కాలను ఎరిగినవారికి ఈ పని అపరిచితంగా తోచదు.

1921 నుండి పదేండ్లు ఆయన జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో ఆచార్యుడు. రంగు ఒంటరిగా మాట్లాడదనీ, ప్రక్కనున్న రంగును బట్టి దాని స్వభావం మారుతుందనీ బోధించేవాడు. ఒకే బూడిదరంగు నలుపు చెంత తేలికగా, తెలుపు చెంత బరువుగా కనిపిస్తుంది. ఈ సత్యాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా పేర్చి, స్వరాలను కూర్చినట్లు చిత్రాలు కూర్చాడు. ఆయన పాఠాల వ్రాతప్రతులు మూడువేల పుటలకు మించి ఉన్నాయి. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆయన నీటిరంగుల చిత్రాలు మన దేశీయుల కృతులతోపాటు ప్రదర్శింపబడ్డాయి.

1933లో నాజీలు అధికారానికి వచ్చారు. ఆయన యూదుడని ప్రచారం చేశారు. ఇల్లు సోదా చేశారు. డ్యూసెల్డార్ఫ్ అకాడమీలోని ఉద్యోగం నుండి తొలగించారు. యూదుడు కాకపోయినా, ఆ నింద తుడుచుకొనేందుకు దొరల ముందు నిలిచి ప్రాధేయపడటం ఆయనకు రోత కలిగించింది. ఆ యేటి డిసెంబరులో బెర్న్ చేరాడు. జర్మనీలోని సార్వజనిక సంగ్రహాల నుండి ఆయన కృతులు నూటరెండింటిని 1937లో ప్రభుత్వం వశపరచుకొంది.

1935లో చర్మం బిగిసిపోయే దారుణవ్యాధి సోకింది. మరుసటి సంవత్సరం ఆయన వేసినవి ఇరవై అయిదు చిత్రాలు మాత్రమే. అయినా ఆయన చేయి ఆగలేదు. గీతలు లావయ్యాయి, రంగులు సూటి అయ్యాయి. గోనెగుడ్డపై వార్తాపత్రికలు అతికి, వాటిపై జిగురు కలిపిన రంగులు పూశాడు. 1939 ఒక్క సంవత్సరంలోనే పన్నెండు వందలకు పైగా కృతులు వెలువడ్డాయి. మృత్యువు సమీపించిన కొలదీ సృష్టి ఇనుమడించింది.

పుట్టిన దేశంలో పౌరసత్వం కొరకు ఆయన పెట్టుకొన్న దరఖాస్తు మంజూరు కాకముందే, 1940 జూన్ 29వ తేదీన లొకార్నో సమీపాన కన్నుమూశాడు. జీవించి ఉండగా పౌరునిగా చేర్చుకొనని ఆ బెర్న్ నగరమే 2005లో ఆయన పేరిట మహత్తర కళాకేంద్రాన్ని తెరచింది. సుమారు నాలుగువేల కృతులు అందులో భద్రంగా ఉన్నాయి.

హైటెక్ సిటీ అద్దాల మేడల నడుమ సంచరించే మన విద్యార్థులు నిత్యం చూచే కంప్యూటరు తెరపై ప్రతి బొమ్మయూ చిన్న వర్ణచతురస్రాల కూర్పే. యంత్రం ఆ చతురస్రాలను క్షణంలో నింపగలదు. కాని ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలువవలెనో నిర్ణయించే చూపు సాధన వలననే అలవడుతుంది. ఆ సాధనకు విశాలమైన పటం అక్కరలేదు, విలువైన పరికరాలు అక్కరలేదు. ఒక కాగితపు ముక్క, ఒక కత్తెర, కొంత జిగురు, నాలుగు రంగులు చాలునని క్లీ జీవితం చాటుతున్నది. దేశం త్రోసిపుచ్చినా, దేహం సహకరించకున్నా, తన చిన్న కాగితాన్ని విడువని ఆ దీక్షయే మనకు ఆదర్శం.