జలదాత కెంపేగౌడ

విజయనగర చక్రవర్తులకు సామంతులై యలహంకనాడును పాలించిన ప్రభువులలో కెంపేగౌడ అగ్రగణ్యుడు. 1537లో ఆయన మట్టికోట కట్టించి బెంగళూరు నగరానికి పునాది వేశాడు. సుమారు 900 మీటర్ల ఎత్తున గల ఈ పీఠభూమిపై జీవనది లేదు, వాననీరే ఆధారం. ఆ సత్యాన్ని గుర్తెరిగిన ప్రభువు ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి తటాకాలను నిర్మింపజేశాడు. సొంత నాణేలు ముద్రించాడన్న అభియోగంపై కొన్నేళ్లు చెరసాలలో మగ్గినా, విడుదలై వచ్చి తిరిగి పాలన చేపట్టాడు. తెలుగులో గంగాగౌరీ విలాసమనే యక్షగానం ఆయన పేర ప్రసిద్ధం. 1569లో ఆయన కీర్తిశేషుడయ్యాడు.

ఎగువ చెరువు నిండి పొర్లిన నీరు కాలువ గుండా దిగువ చెరువును చేరే ఏర్పాటు ఈ సీమను తరతరాలుగా పోషించింది. కాలక్రమాన ధర్మాంబుధి పూడిపోయి, ఆ తావున బస్‌స్టాండు వెలసింది. ఆనేకల్ తాలూకాలోని చందాపుర చెరువు సైతం పారిశ్రామిక వ్యర్థాలతో, మురుగునీటితో కలుషితమైంది. అందుకు 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది. చెరువు త్రవ్వించడానికి ఒక ప్రభువు చాలు. దానిని కాపాడటానికి మాత్రం ప్రతి తరమూ పూనుకోవాలి. ఈ సీమలో పెరిగే బాలబాలికలు కెంపేగౌడ జీవితం నుండి నేర్వవలసిన పాఠమిదే.