చక్రాల కుర్చీలోని వైద్యురాలు: డాక్టరు మేరీ వర్గీస్

వైద్యశాస్త్రమునకు రెండు పనులే కలవని లోకము చిరకాలము తలచినది. రోగము రాకుండ కాపాడుట మొదటిది. వచ్చిన రోగమును కుదుర్చుట రెండవది. కాని కుదురుటకు వీలులేని దెబ్బ తగిలి, ప్రాణము మాత్రము నిలిచిన మనిషి సంగతి యేమి? గాయము మానిన మరునాటి నుండి ఆతడు ఏ రీతిగా బ్రదుకవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట వైద్యమునకు మూడవ పని. భారతదేశమున ఆ పనికి పునాది వేసినవారిలో అగ్రగణ్యురాలు డాక్టరు మేరీ వర్గీస్. ఈ ప్రశ్న ఆమెకు గ్రంథములలో ఎదురుపడలేదు. తన శరీరముననే ఎదురుపడినది.

మేరీ 1925 లో కేరళ దేశమున, కొచ్చి సమీపమునగల చెరాయి గ్రామమున ఒక క్రైస్తవ కుటుంబమున జన్మించెను. వైద్యవిద్యకై వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరెను. 1900 లో ఐడా స్కడర్ అను అమెరికా వనిత ఒకే మంచముతో ఆరంభించిన చికిత్సాలయము పెరిగి పెరిగి ఆ మహాసంస్థ అయినది. వేలూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1911 లో చిత్తూరు జిల్లా వేరుపడువరకు చిత్తూరు, వేలూరు రెండును ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. రాయలసీమ రోగులకు నేటికిని ఆ ఆసుపత్రి సుపరిచితమే. మేరీ అచట పట్టము పొంది, స్త్రీరోగముల చికిత్సలో ప్రత్యేక నైపుణ్యము సంపాదింపవలెనని ఆశించెను.

1954 జనవరిలో ఆమె తోడి వైద్యులతో విహారమునకు బయలుదేరెను. దారిలో వారి వాహనము బోల్తాపడినది. మేరీ ముఖమునకు తీవ్రమైన గాయములు తగిలెను. అంతకంటె ఘోరముగా వెన్నుపాము దెబ్బతిని, నడుము క్రింది భాగము చచ్చుబడెను. విరిగిన ఎముక అతుకుకొనును. తెగిన చర్మము కూడుకొనును. దెబ్బతిన్న వెన్నుపాము మాత్రము తిరిగి మొలవదు. ఇరువదియెనిమిదేండ్ల ఆ వైద్యురాలికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

అట్టి రోగికి కదలిక పోవుటయొక్కటే ఆపద కాదు. స్పర్శ పోవుట అంతకు మించిన ఆపద. మనము నిద్రలో సైతము నొప్పి తోచగానే ఒత్తిగిలుదుము. నొప్పి తెలియని దేహము ఒకే ప్రక్కన పడియుండును. బరువు మోపిన చోట రక్తప్రసారము ఆగి పడకపుండ్లు పుట్టును. మూత్రాశయము స్వాధీనము తప్పుటచే మూత్రపిండములకు ముప్పు కలుగును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఇట్టి రోగులలో అనేకులు కొలదికాలములోనే మరణించుచుండిరి. 1944 లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వీరికై ప్రత్యేకశాఖ నెలకొల్పి, వేళ తప్పక ఒత్తిగిలజేయుట, వ్యాయామము, వృత్తిశిక్షణ అను మార్గములచే ఆ రాత మార్పవచ్చునని నిరూపించెను.

మేరీని నిరాశనుండి మరల పనిలోనికి మరల్చినవాడు డాక్టరు పాల్ బ్రాండ్. కుష్ఠురోగముచే వంకరపోయిన వ్రేళ్ళను సరిచేయు శస్త్రచికిత్సకు వేలూరిలో మార్గము చూపినది ఆయనయే. ముంజేతిలోగాని అరచేతిలోగాని చెడకుండ మిగిలిన కండర స్నాయువును మార్చి అమర్చి, చచ్చుబడిన వ్రేలికి మరల కదలిక తెప్పించుట ఆ విధానము. చేతికి చేయు ఈ శస్త్రచికిత్సను వైద్యుడు కూర్చుండియే చేయవచ్చును. మేరీ కాళ్ళు పోయినవి గాని చేతులు చెక్కుచెదరలేదు. ఆమె చక్రాల కుర్చీలో శస్త్రశాలకు వెళ్ళి, కుష్ఠురోగుల చేతులను బాగుచేయ నారంభించెను. శస్త్రము పట్టిన వైద్యురాలికి కాళ్ళలో స్పర్శ లేదు. బల్లమీది రోగికి చేతులలో స్పర్శ లేదు. కాలినను కోసికొనినను తెలియని అవయవమును కనులతో కాచుకొనుట ఇరువురికిని నిత్యకృత్యమే. లోకము వెలివేసిన ఆ రోగులకు, ఆమె కుర్చీ చూచినంతనే, మాటలతో పనిలేని ధైర్యము కలిగెను.

అయినను తన దైనందిన కృత్యములకు ఆమె అన్యులపై ఆధారపడుట తప్పలేదు. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరమునగల ఆసుపత్రికి వెళ్ళినపుడు ఆమెకు కొత్తలోకము కనబడినది. కాళ్ళు చచ్చుబడినవారు మంచము నుండి కుర్చీలోనికి తామే మారుట, బట్టలు తామే కట్టుకొనుట, పనికి పోయి జీతము తెచ్చుకొనుట అచట శిక్షణచే సాధ్యమగుచుండెను. ఆమెయు ఆ శిక్షణ పొందెను. తన దేశమున ఇట్టి దెబ్బలు తగిలినవారి గతి యేమి అను చింత ఆమెను వదలలేదు. చేతుల శస్త్రచికిత్సలో చేయి తిరిగినది. దాని ఫలము వారములలో కంటికి కనబడును. పునరావాస చికిత్స ఫలము నెలలకు గాని తెలియదు. అయినను ఆమె రెండవదానినే వరించెను. న్యూయార్కులో డాక్టరు హోవర్డ్ రస్క్ నడుపుచున్న సంస్థలో ఆ శాస్త్రమును అభ్యసించెను. చక్రాల కుర్చీకి అన్ని వసతులును గల ఆ నగరమును విడిచి, 1962 లో స్వదేశమునకు మరలెను.

1963 లో వేలూరు ఆసుపత్రిలోని ఫిజికల్ మెడిసిన్, పునరావాస శాఖకు ఆమె అధ్యక్షురాలయ్యెను. 1966 లో రోగులు నెలల తరబడి నివసించి శిక్షణ పొందుటకు ప్రత్యేక సంస్థ వెలసినది. అట్టి సంస్థలలో అది మన దేశమున మొదటిదిగా గణింపబడుచున్నది. ఇట్టిచోట వైద్యుడొక్కడే చాలడు. కీళ్ళు బిగిసిపోకుండ వ్యాయామము చేయించువారు, అన్నము తినుట మొదలు వృత్తి వరకు చేతిపని నేర్పువారు, కాలి పట్టాలను, కృత్రిమ అవయవములను తయారుచేయువారు, దాదులు అందరును కూడవలెను. రోగిబంధువులకును శిక్షణ కావలెను. ఏలయన రోగి తుదకు చేరవలసినది ఆసుపత్రి కాదు, ఇల్లు. నున్నని గచ్చుపై తిరుగ నేర్చిన కుర్చీ పల్లెటూరి మట్టిబాటలో కూరుకొనిపోవును. గడపలు, మెట్లు, నూతిగట్లు గల మన ఇండ్లకు తగిన ఉపాయములు మన దేశముననే పుట్టవలసియుండెను.

చెట్టుమీదనుండి పడిన గీతకార్మికునికి గాని, నూతిలో పడిన కూలివానికి గాని ఇక నడవలేవని చెప్పుట వైద్యునికి సులభము కాదు. మేరీ ఆ మాట కుర్చీలో కూర్చుండి చెప్పెను. కనుకనే దాని తరువాతి మాటను కూడ రోగి వినగలిగెను.

1972 లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుద మొసగెను. 1986 లో ఆమె కన్నుమూసెను. ప్రమాదము నాటినుండి ముప్పదిరెండేండ్లు ఆమె జీవించెను. కాళ్ళు మరల స్వాధీనము కాలేదు. ఆమెకు దేహము కుదురలేదు, జీవితము కుదిరినది. ఈ రెండును వేరని గ్రహించి, ఆ జ్ఞానమునకు ఆసుపత్రిలో మంచములును, పనివారును, పాఠ్యక్రమమును సమకూర్చుటయే ఆమె దేశమునకు చేసిన సేవ.