బడిని విడువని ఉస్తాద్: సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు

మన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ అన్న మాటకు ఒకే అర్థం స్థిరపడిపోయింది. ప్రవేశ పరీక్షకో, ఉద్యోగ పరీక్షకో విద్యార్థిని సిద్ధం చేయడమే కోచింగ్. రహదారికి ఇరుప్రక్కల మేడలమీద కనిపించే బోర్డులన్నీ ఆ అర్థాన్నే చాటుతుంటాయి. కాని ఎల్.బి. నగర్ నుండి వచ్చే ఈ రహదారి వెంటనే సాగి, మలక్‌పేట దాటి, మూసీ ఒడ్డున ఉన్న చాదర్‌ఘాట్‌కు చేరితే ఆ మాటకు మరొక అర్థం స్ఫురిస్తుంది. అక్కడి ఉన్నత పాఠశాలలో పిల్లలకు ఆటలు నేర్పిన ఒక పంతులుగారు భారతదేశానికి ఫుట్‌బాల్ నేర్పారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాహెబు.

2024 ఏప్రిల్‌లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వలన ఆయన పేరు నేటి విద్యార్థులకు కొంత పరిచయమైంది. ఆ చిత్రం ఆయన గెలిపించిన పోటీలను ముఖ్యంగా చూపింది. విద్యాలయంలో పనిచేసే మనం తెలుసుకోవలసినది అంతకు ముందున్న జీవితం. ఆయన మొదట ఉపాధ్యాయుడు. ఆ తరువాతనే శిక్షకుడు. ఈ రెండింటిలో మొదటిది లేకుంటే రెండవది ఉండేది కాదని మేము భావిస్తున్నాము.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. 1918లో స్థాపితమై, ఉర్దూ భాషలో ఉన్నత విద్యను బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన పట్టభద్రులయ్యారు. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి మంచి పేరు సంపాదించుకొన్నారు. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యతను తామే వహించారు. అనగా మన బడులలో పిల్లలు డ్రిల్లు మాస్టారు అని పిలుచుకొనే ఆ సామాన్యమైన పదవిలోనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది.

డ్రిల్లు మాస్టారంటే మన సమాజానికి గల గౌరవం ఎంతో మనకు తెలియనిది కాదు. లెక్కల పంతులు సెలవు పెట్టినప్పుడు పిల్లలను మైదానానికి తోలే మనిషి అనియే పలువురి అభిప్రాయం. రహీం సాహెబు ఆ పదవిని ఒక శాస్త్రంగా మార్చారు. 1940ల తొలినాళ్ళలో ఎస్.ఎం. హాదీ గారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షులు కాగా, రహీం సాహెబు కార్యదర్శి అయ్యారు. కడవరకు ఆ బాధ్యతను మోశారు.

కార్యదర్శిగా ఆయన ప్రవేశపెట్టిన కొన్ని పోటీలు చిత్రంగా తోచవచ్చు. ఆ కాలంలో బంతిని కాలివద్దనే ఉంచుకొని ఎదుటివారిని ఒక్కొక్కరిని తప్పించుకొంటూ పోయేవాడే గొప్ప ఆటగాడని ప్రేక్షకులు చప్పట్లు కొట్టేవారు. రహీం సాహెబు అట్లా తప్పించుకొనిపోవడమే నిషిద్ధమైన పోటీలను నడిపారు. బంతి అందిన వెంటనే తోటివానికి ఇవ్వవలసిందే. దానివలన ఆటగాడు బంతి రాకముందే తల ఎత్తి మైదానమంతా చూడడం అలవరచుకొంటాడు. బలహీనమైన కాలితో ఆడే పోటీలు మరికొన్ని. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే బంతిని కొట్టాలి. పొట్టి పిల్లల కోసం ప్రత్యేకంగా పోటీలు ఏర్పరచి, ఎత్తు చాలదని వెనుకకు నెట్టబడినవారికి కూడ అవకాశం కల్పించారు.

విద్యార్థులారా, ఈ పోటీలను కొంచెం పరిశీలించండి. వీటిలో ఉన్నది ఉపాధ్యాయుని దృష్టి. మంచి ఉపాధ్యాయుడు విద్యార్థికి వచ్చిన పాఠాన్నే మళ్ళీ మళ్ళీ అప్పగించుకొని సంతోషించడు. రాని పాఠం ఏదో కనిపెట్టి, దానినే సాధన చేయిస్తాడు. తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్నవానిని ముందుకు పిలుస్తాడు. ఆ పనినే రహీం సాహెబు మైదానంలో చేశారు.

ఆయన తర్ఫీదు ఇచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆ రోజులలో దేశానికి తలమానికంగా వెలిగింది. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు గెలుచుకొన్నది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాలలోను, ఆంధ్ర పోలీసు అన్న పేరుతో 1961లోను సాధించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58 సంవత్సరాలలో వరుసగా హైదరాబాదుకు దక్కింది. కలకత్తా క్లబ్బులదే ఫుట్‌బాల్ అనుకొనే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

నేడు ఫుట్‌బాల్ శిక్షణ ఒక పెద్ద వృత్తి. విదేశాలలో వృత్తి జట్టుకు శిక్షకుడుగా ఉన్నవాడు ఒకనాడు దానిని వదలి కళాశాల ఉద్యోగానికి పోతే, అదొక త్యాగమనో, పరాజయమనో పత్రికలు చర్చిస్తాయి. రహీం సాహెబు కాలంలో మన దేశంలో అటువంటి వృత్తి జట్లు లేవు. పోలీసు జట్టు ఆటగాడు పోలీసు శాఖ ఉద్యోగి. ఆటను నేర్పేవారు బడి పంతులు. జట్టు ఒక లోకం, బడి మరొక లోకం అన్న విభజన ఆయన జీవితంలో కనిపించదు. బడిలో ఎదిగే పిల్లవాడే రేపటి జట్టుకు పునాది అని ఆయనకు తెలుసు. అందుచేతనే ఒకదానిని వదలి మరొకదానికి పోవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

భారత జట్టు బాధ్యత కూడ ఆయనకు అప్పగింపబడింది. 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో, శైలేన్ మన్నా నాయకత్వాన మన జట్టు ఫైనల్లో ఇరానును 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకొన్నది. ఆ ఒక్క గోలు మేవాలాల్ చేసినది. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం సంభవించింది. మనవారిలో అనేకులు వట్టి కాళ్ళతో ఆడేవారు. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించి ఆడడం తప్పనిసరి అయింది. పది గోళ్ళ ఓటమితో చాలామంది పేరు చెరిగిపోయేది. రహీం సాహెబు దానిని ఒక పాఠంగా స్వీకరించారు. 1953 నవంబరులో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించి ప్రపంచాన్ని దిగ్భ్రాంతికి గురిచేసిన హంగరీ జట్టు పద్ధతి ఆయనను ఆకర్షించింది. చిన్న చిన్న పాసులు, ఆటగాళ్ళు నిరంతరం స్థానాలు మారడం, సెంటర్ ఫార్వర్డు కొంత వెనుకనుండి ఆడడం ఆ పద్ధతిలోని మెలకువలు. వాటిని మనవారి దేహదారుఢ్యానికి తగినట్లు ఆయన మలచుకొన్నారు.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనబడింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను మనవారు 4-2తో ఓడించారు. అందులో మూడు గోళ్ళు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో మొదట మనమే గోలు చేసినప్పటికీ యుగోస్లావియా 4-1తో గెలిచింది. మూడవ స్థానానికి జరిగిన పోటీలో బల్గేరియా 3-0తో నెగ్గగా, భారతదేశానికి నాలుగవ స్థానం లభించింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన జంటనగరాలవారు. సికిందరాబాదు చేరువలోని అమ్ముగూడలో నిరుపేద కుటుంబంలో పుట్టిన బలరాంను గుర్తించి పైకి తెచ్చినవారు రహీం సాహెబే. ఒకరు మసీదుకు పోయేవారు, ఒకరు గుడికి పోయేవారు, ఇంకొకరు చర్చికి పోయేవారు. మైదానంలో వారందరి గురువు ఒక్కరే.

1960 రోము ఒలింపిక్స్‌లో మన జట్టు ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచింది. హంగరీ చేతిలో 2-1తోను, పెరూ చేతిలో 3-1తోను ఓడింది. ఆ జట్టులో రహీం సాహెబు కుమారుడు హకీం కూడ ఉన్నారు. కాని ఒక్క ఆటలోను మైదానంలో దిగే అవకాశం ఆయనకు రాలేదు. తండ్రి శిక్షకుడు, కుమారుడు జట్టు సభ్యుడు అయినప్పుడు ఏమి జరుగుతుందో లోకానికి తెలిసినదే. అక్కడ అది జరగలేదు. హకీం గారు తరువాత అంతర్జాతీయ రిఫరీగా కీర్తి గడించి, 2021లో కన్నుమూశారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాహెబు ఆరోగ్యం క్షీణించింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. థాయిలాండుపై గెలిచిన ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోలీ తంగరాజ్ జ్వరంతో పడుకొన్నాడు. పైగా ఇజ్రాయిల్, తైవాను దేశాలను క్రీడలకు రానీయని విషయంలో మన క్రీడాధికారి సోంధీ గారు చేసిన విమర్శ ఇండోనేషియా ప్రజలకు ఆగ్రహం తెప్పించింది. జకార్తాలో భారతీయులంటేనే మండిపడే వాతావరణం ఏర్పడింది.

అటువంటి స్థితిలో రహీం సాహెబు సాహసోపేతమైన నిర్ణయం తీసికొన్నారు. తల గాయంవలన వెనుక భాగంలో ఆడలేని జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను మనవారు 3-2తో ఓడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలిచేస్తుండగా చునీ గోస్వామి నాయకత్వాన జట్టు బరిలోకి దిగింది. కోలుకొన్న తంగరాజ్ మళ్ళీ గోలు ముందు నిలిచాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో కట్టు కట్టిన తలతో ఆడుతున్న జర్నైల్ సింగ్ గోళ్ళు చేశారు. ఆట 2-1తో ముగిసి స్వర్ణ పతకం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరొక స్వర్ణం లభించలేదు.

ఆ విజయం తరువాత ఏడాదైనా గడవకముందే, 1963 జూన్ 11న క్యాన్సరు వ్యాధితో రహీం సాహెబు పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం నెలకొన్నది 1985లో. అప్పటికి ఆయన గతించి 22 ఏళ్ళు. 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్ళనే లేదు. ఈ క్షీణతకు కారణాలు అనేకం చెబుతారు. మా దృష్టిలో ప్రధానమైనది ఒకటి ఉన్నది. బడికి, మైదానానికి ఉన్న బంధం తెగిపోయింది.

మన ప్రాంతాన్నే చూడండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లలో ఎన్నో విద్యాసంస్థలు మేడల అంతస్తులలో నడుస్తున్నాయి. పిల్లలు మెట్లెక్కి తరగతికి పోయి, మెట్లు దిగి బస్సో మెట్రోనో ఎక్కుతారు. మధ్యలో కాలు మోపడానికి మట్టి ఉండదు. నగరం నడిబొడ్డున ఉన్న ఫతే మైదాన్‌కు, మన ఎల్.బి. నగర్‌కు ఒకే లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టుకొన్నాము. పేరు పంచుకొన్నంత సులభంగా మైదానాన్ని పంచుకోలేకపోయాము. ఒక బలరాం నేడు ఈ వీధులలో పుట్టినా అతనిని గుర్తించే కన్ను ఏ బడిలో ఉన్నది?

కళాశాల కార్యవర్గం పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. కాలపట్టికలో ఆటల గంటను ప్రత్యేక తరగతుల కోసం తొలగించకుండా కాపాడండి. వ్యాయామ ఉపాధ్యాయుని అధ్యాపకులతో సమానంగా గౌరవించండి. వార్షిక క్రీడోత్సవాలలో రహీం సాహెబు పేరిట బలహీనమైన కాలితో ఆడే ఫుట్‌బాల్ పోటీ ఒకటి జరిపించండి. దానికి ఒక బంతి, ఒక సాయంత్రం చాలు. ఆ పోటీలో మొదట అందరూ తడబడతారు, చూసేవారు నవ్వుతారు. రాని కాలితో కొట్టడం నేర్చుకొన్న పిల్లవాడు రాని పాఠాన్ని చూసి కూడ భయపడడు. రహీం సాహెబు తమ శిష్యులకు ఇచ్చిన కోచింగ్ అదే.