ద్వారం వేంకటస్వామినాయుడుగారు

ఆంధ్రదేశమున ఫిడేలు నాయుడుగారని ప్రఖ్యాతి గాంచిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున, బెంగుళూరునందు జన్మించిరి. తండ్రి వేంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణమున గడచెను.

దీపముల పండుగనాడు పుట్టిన ఆ బాలునకు కంటిచూపు మిక్కిలి మందము. ఆ కారణముననే బడినుండి తొలగింపబడెను. నల్లబల్లపై వ్రాసినది చూచి నేర్చుటయే చదువని భావించిన కాలమది. పాఠమును బాలునియొద్దకు చేర్చు భారము బడిదేయని నాడెవ్వరును తలంపలేదు. అట్లు తలంపవలెనని శాసించు చట్టమును లేదు. చదువు చెప్పలేనిది బడి, పోగొట్టుకొన్నది బాలుడు.

అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు ఇంటనే తమ్మునకు ఫిడేలు నేర్పిరి. కన్ను చేయని పనిని చెవియు, వ్రేళ్లును, ధారణయు చేసినవి. ఏండ్ల తరబడి సాగిన సాధనచే కమానుపై ఆయనకు అసాధారణమైన అధికారము సిద్ధించెను.

1919లో విజయనగరమున మహారాజా విజయరామగజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పిరి. తమ కొలువులోని యొకరి అంధకుమారునకు విద్య గఱపుటకై రాజుగారు దానిని స్థాపించిరని అచ్చటివారు చెప్పుకొందురు. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరబోగా, వారి వాద్యము విని ఆచార్యునిగానే నియమించిరని ప్రతీతి. ఒక బడి ఆయనకేమి లేదో చూచెను. మఱియొకటి ఏమి కలదో వినెను.

1936లో నాయుడుగారు ఆ కళాశాలకే అధ్యక్షులైరి. గాత్రమునకు ప్రక్కవాద్యముగా నుండిన ఫిడేలును కచేరీలో ప్రధానాసనమున కూర్చుండబెట్టిన ఘనులలో వారొకరు. 1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారికి సంగీతకళానిధి బిరుదము నొసగెను. 1957లో భారతప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించెను. 1964 నవంబరు 25న వారు కీర్తిశేషులైరి. కుమార్తె మంగతాయారుగారు తండ్రి బాణీని నిలిపిన ఫిడేలు విదుషీమణిగ పేరొందిరి.

నాడు ఒక రాజు దయవలన జరిగినది నేడు చట్టమువలన జరుగవలెను. 1995లో వచ్చిన చట్టము స్థానమున 2016లో వికలాంగుల హక్కుల చట్టము వెలసెను. ప్రభుత్వ ధనముచే నడచు బడియైనను, గుర్తింపు పొందిన ప్రైవేటు బడియైనను, లోపము పేర బిడ్డను త్రిప్పి పంపరాదు. తరగతిగది, త్రాగునీరు, మరుగుదొడ్డి బిడ్డకందునట్లుండవలెను. అంధునకు బ్రెయిలీ లిపి, బధిరునకు సంజ్ఞాభాష, పరీక్షయందు అదనపు కాలము, అవసరమైనచో వ్రాయసగాడు — ఇవి దానములు కావు, బాకీలు. నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆఱవ యేటనుండి పదునెనిమిదవ యేటివఱకు ఉచితవిద్య హక్కు. ఐదేండ్లకొకమాఱు అట్టి పిల్లల లెక్క తీయవలెనని కూడ చట్టము విధించినది.

అనంతపురము వంటి కఱవుసీమలో ఈ విధి మఱింత బరువైనది. వానలు తప్పిన యేడు తల్లిదండ్రులు కూలికై బెంగుళూరు పోవుదురు. నడువలేని బిడ్డయో, వినలేని బిడ్డయో అవ్వతాతల కడ ఇంటనే యుండిపోవును. బడిపట్టికలో ఆ పేరు చేరదు. చేరినను హాజరు పడదు. అట్టి యింటిని వెదకికొని పోవలసినవారు ఉపాధ్యాయులు. దారి చూపవలసినవారు గ్రామపెద్దలు. పుస్తకమును చదివి వినిపింపవలసినవారు గ్రంథాలయమునకు వచ్చు యువకులు.

గట్టుమీది బీడుభూమికి సైతము పైమాషీలో పద్దు కలదు. ఊరి పిల్లల లెక్కలో ఒక్క పేరైనను విడిచిపోరాదు. విడిచిన ఆ పేరు ఏ నాయుడుగారిదో ఎవరెఱుగుదురు?